మూకచిత్రముల నాటి మన కథానాయకుడు : శ్రీ పైడి జైరాజు

ఒక ప్రాంతపు కీర్తి అచ్చట పండిన పంటలను బట్టియు, నేసిన వస్త్రములను బట్టియు మాత్రమే నిలువదు. ఆ మట్టిలో పుట్టి, దూరప్రాంతములకేగి, తమ విద్యచే పదిమంది మన్ననలను బడసినవారిని బట్టి కూడ నిలుచును. కరీంనగరు సీమకు అట్టివారు కొదువలేరు. నరసింహ శతకమును రచించిన శేషప్పకవి ధర్మపురివాసి. జ్ఞానపీఠ పురస్కారమును పొందిన డాక్టరు సి. నారాయణరెడ్డిగారు సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టినవారు. వీరి పేర్లు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలోని బడిపిల్లలకు సైతము తెలియును. కాని హిందీ చలనచిత్రరంగమున మూకచిత్రముల నాటినుండి దాదాపు డెబ్బది సంవత్సరములు నిలిచి, దేశమున చలనచిత్ర కళాకారులకిచ్చు అత్యున్నత పురస్కారమును అందుకొనిన పైడి జైరాజుగారి పేరు మనలో ఎందరెరుగుదురు? కరీంనగరమున పుట్టిన ఈ తెలుగుబిడ్డ చరిత్ర యువకులు తప్పక తెలిసికొనదగినది.

బాల్యము - విద్య

జైరాజుగారి పూర్తి పేరు పైడిపాటి జైరుల నాయుడు. వారు 1909వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన కరీంనగరమునందు, విద్యావంతులైన తెలుగు కుటుంబమున జన్మించిరి. అప్పటికి హైదరాబాదు సంస్థానమును ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పాలించుచుండెను. 1911లో ఆయన గతించి ఏడవ నిజాము సింహాసనమెక్కెను. కనుక జైరాజుగారి బాల్యమును, యౌవనారంభమును ఏడవ నిజాము కాలముననే గడచినవి.

ఆనాటి తెలంగాణమున భాషల పరిస్థితి యెట్టిదో ఇప్పటివారికి ఊహించుట కష్టము. ఇంటిలో మాట తెలుగు. కచేరీలో, న్యాయస్థానములో, బడిలో పెత్తనము ఉర్దూది. ఉన్నతోద్యోగములకు ఇంగ్లీషు కావలయును. తెలుగు పుస్తకము దొరకుటయే అరుదుగా నున్న దినములవి. ఆ కొరతను తీర్చుటకే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. దాని బాటలోనే పల్లెపల్లెకు గ్రంథాలయములు వచ్చినవి. మాతృభాషకు నీడలేని ఆ కాలమున పెరిగిన జైరాజుగారికి ఒక విధముగ అదియే పెట్టుబడి అయినది. ఇంటి తెలుగుతోబాటు హైదరాబాదు వీధులలోని స్వచ్ఛమైన ఉర్దూ ఆయన నాలుకపై నిలిచెను. చదివిన నిజాం కళాశాల 1887లో ఏర్పడి, మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగ ఇంగ్లీషున బోధించునట్టిది. ఆ విధముగ మూడవ భాషయు అబ్బెను. ఈ మూడింటిలో రెండు ఆయన జీవితమును నిలబెట్టినవి. మూడవది, అనగా తల్లిభాష, ఆయన వృత్తికి ఏనాడును అక్కరకు రాలేదు. ఆయన జీవితమందలి విశేషమును, విషాదమును ఇందులోనే యున్నవి.

కళాశాలలో చదువుచుండగనే ఆయనకు నాటకములయందు, చలనచిత్రములయందు ఆసక్తి కలిగినది. హైదరాబాదునకు చలనచిత్రములు క్రొత్తవి కావు. ధీరేంద్రనాథ గంగూలీ అను బెంగాలీ కళాకారుడు 1922లో హైదరాబాదునకు వచ్చి లోటస్ ఫిల్ము కంపెనీని స్థాపించి, ఇచ్చటనే మూకచిత్రములను నిర్మించెను. కాని 1924లో ఢిల్లీ సుల్తానా రజియా కథగల చిత్రమును ప్రదర్శించినందుకు నిజాము ప్రభుత్వమునకు ఆగ్రహము కలుగగా ఆయన సంస్థానమును విడిచి పోవలసివచ్చెను. దానితో హైదరాబాదున చిత్రనిర్మాణమునకు తెరపడినది. నటుడు కాగోరిన యువకునకు ఇక బొంబాయియే దిక్కు.

బొంబాయి ప్రయాణము

1929లో జైరాజుగారు బొంబాయి చేరిరి. వయస్సు ఇరువది యేండ్లు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి అప్పటికే వేలకొలది తెలుగువారు ఆ నగరమునకు వలసపోయి యుండిరి. మేడలు కట్టు కూలీలుగ, బట్టల మిల్లులలో పనివారుగ వారు బ్రతుకుచుండిరి. కామాటిపురా యను పేటకు ఆ పేరు మన తెలంగాణపు కామాటి కూలీలవలననే కలిగినది. సిరిసిల్ల, కోరుట్ల ప్రాంతముల పద్మశాలి కుటుంబములలో బొంబాయికో, భీవండికో, షోలాపురమునకో పోయిన బంధువు లేని ఇల్లు అరుదు. జైరాజుగారు పోయిన దారి ఆ విధముగ మనవారికి తెలిసిన దారియే. చేరిన గమ్యము మాత్రము వేరు.

చదువుకొన్న యువకుడు సినిమాలలో వేషము కట్టుటకు పోవుట ఆ దినములలో గౌరవప్రదమైన పనిగా ఎవరును తలంపలేదు. స్త్రీల విషయము చెప్పనక్కరలేదు. 1913లో దాదాసాహెబ్ ఫాల్కేగారు రాజా హరిశ్చంద్ర చిత్రమును తీసినపుడు చంద్రమతి వేషము కట్టుటకు ఒక్క స్త్రీయు ముందుకు రాకపోవుటచే సాళుంకే అను యువకునిచే ఆ పాత్రను ధరింపజేయవలసివచ్చెను. తరువాత ఆంగ్లో ఇండియను, యూదు కుటుంబముల కన్యలు ధైర్యము చేసిరి. వారిలో సులోచన యను పేరుతో ప్రసిద్ధికెక్కిన రూబీ మేయర్సు ముఖ్యురాలు. టెలిఫోను కార్యాలయమున పనిచేయుచుండిన ఆ యువతి చలనచిత్రములలో ప్రవేశించి దేశమంతట పేరు గడించెను. జైరాజుగారు బొంబాయి చేరునాటికి తెరపై వెలుగుచుండిన తారలు వీరు.

మూకచిత్రముల పద్ధతి

జైరాజుగారు మొదట 'జగ్‌మగాతీ జవానీ' యను చిత్రమున కనిపించిరి. అదే సంవత్సరమున 'రసీలీ రాణీ'లో మాధురి అను నటి సరసన నాయక పాత్ర లభించెను. ఆపైన 'మాతృభూమి', 'మహాసాగర్ మోతీ' మొదలుగాగల పదికి మించిన మూకచిత్రములలో ఆయన నటించిరి.

నేటి యువకులకు మూకచిత్రమన నేమో చెప్పవలసియున్నది. ఆ చిత్రములకు మాట లేదు, పాట లేదు. తెరపై మనుష్యులు పెదవులు కదపుదురు. దృశ్యమునకు దృశ్యమునకు నడుమ సంభాషణమును తెలుపు అక్షరముల పలక కనిపించును. వేర్వేరు ప్రాంతముల ప్రేక్షకులకొరకు ఆ పలకపై రెండు మూడు భాషల లిపులుండెడివి. చదువురానివారికొరకు ఒకడు తెర ప్రక్క నిలిచి బిగ్గరగ చదివి వినిపించుచుండును. హార్మోనియము, తబలా వాయించువారు దృశ్యమునకు తగినట్లు వాయించుచుందురు. వీరుడు గుఱ్ఱమెక్కి పరుగిడునపుడు తబలా జోరందుకొనును, నాయిక కంట తడిపెట్టునపుడు హార్మోనియము మెల్లగించును. మన యక్షగానములలో, తోలుబొమ్మలాటలలో మద్దెలవాని పని యెట్టిదో ఇదియు నట్టిదే.

నోట మాట లేనపుడు నటుని శరీరమే మాటలాడవలెను. అందుచే ఆనాటి నటికి నృత్యము తెలిసియుండుట గొప్ప మేలు. కనుచూపు, చేతివ్రేళ్ళు, నడక ఇవియే ఆమె సంభాషణలు. పురుషునకు గుఱ్ఱపుస్వారి, కత్తిసాము, దుముకుట, ఈదుట రావలెను. ప్రమాదకరమైన ఘట్టములలో నటుని బదులు మరియొకనిని నిలుపుట ఇంకను స్థిరపడని కాలమది. జైరాజుగారు దృఢకాయులు, పొడగరులు, చక్కని ముఖవర్చస్సు గలవారు. ఈ విద్యలన్నియు వారికి త్వరలోనే పట్టువడినవి. తరువాతి కాలమున చారిత్రక వీరుల పాత్రలకు నిర్మాతలు వారినే కోరుకొనుటకు పునాది ఈ మూకచిత్రములలోనే పడినది.

మాటలు వచ్చిన దినములు

1931 మార్చి 14వ తేదీన బొంబాయిలోని మెజెస్టిక్ సినిమా మందిరమున 'ఆలం ఆరా' ప్రదర్శింపబడెను. మన దేశమున తొలి మాటల చిత్రమదియే. అందు మన తెలుగువాడైన ఎల్.వి. ప్రసాదుగారు చిన్న వేషము ధరించిరి. ఆ ఒక్క చిత్రముతో సినిమా ప్రపంచము తలక్రిందులయ్యెను. అంతవరకు అందముతోను, అభినయముతోను మెప్పించిన పలువురు నటీనటులకు ఒక్కసారిగ అగ్నిపరీక్ష ఎదురయ్యెను. హిందుస్తానీ పలుకలేనివారు, పలికినను ఉచ్చారణ దోషములు గలవారు వెనుకబడిరి. అగ్రతారయైన సులోచనకే ఆ చిక్కు వచ్చెను. ఆమె కొంతకాలము నటన మాని భాష నేర్చుకొని గాని తిరిగి తెరపైకి రాలేకపోయెను. అనేకులకు ఆ అవకాశమును లేకపోయెను.

జైరాజుగారికి ఆ చిక్కు లేకపోయినది. హైదరాబాదు సంస్థానము ఆయనకిచ్చిన ఉర్దూ ఇచ్చట రక్షించినది. 1932లో 'శికారీ' యను చిత్రముతో ఆయన మాటల చిత్రములలో అడుగుపెట్టిరి. పలుకు శుద్ధముగ నుండుటచే నాయక పాత్రలు ఒకదాని వెంట నొకటి లభించినవి.

అదే సంవత్సరమున మన భాషలో తొలి మాటల చిత్రమైన 'భక్త ప్రహ్లాద' కూడ బొంబాయిలోనే తయారై విడుదలయ్యెను. సురభి నాటకసమాజపు నటులు అందు నటించిరి. సురభి కమలాబాయిగారు లీలావతి పాత్రను ధరించిరి. తెలుగు నటులు మాతృభాషలో నటించుటకు బొంబాయికి వచ్చుచుండగా, బొంబాయిలోనే యున్న తెలుగునటుడు హిందుస్తానీ చిత్రములలో నుండిరి. తరువాత తెలుగు చిత్రములకు మద్రాసు కేంద్రమయ్యెను. జైరాజుగారి వృత్తి, స్నేహములు, సంసారము అన్నియు బొంబాయిలో వేళ్ళూనినవి. తెలుగు తెరపై ఆయన నోట తెలుగు మాట వినబడు భాగ్యము మనకు లభింపలేదు.

మిల్లు పనివాని పాత్ర

సిరిసిల్ల నేతపనివారు ప్రత్యేకముగ తెలిసికొనదగిన చిత్రమొకటి జైరాజుగారి జీవితమున నున్నది. 1934లో అజంతా సినీటోన్ సంస్థకొరకు మోహన్ భవనానీ దర్శకత్వమున తయారైన 'మజ్దూర్' అనునది అది. 'మిల్లు' అనునది దానికి మరియొక పేరు. దాని కథను వ్రాసినవారు హిందీ, ఉర్దూ భాషలలో సుప్రసిద్ధ కథకులైన మున్షీ ప్రేమ్‌చందుగారు. కాశీనుండి బొంబాయికి వచ్చి వారు ఆ సంస్థలో కొంతకాలము పనిచేసి, ఆ చిత్రములో ఒక చిన్న పాత్రనుకూడ ధరించిరి.

ఒక బట్టల మిల్లు యజమాని మరణించును. మిల్లు ఆయన కుమారునకును, కుమార్తెకును సంక్రమించును. కుమారుడు దుర్వ్యసనపరుడై పనివారిని పీడించును. కుమార్తె పనివారి పక్షము వహించును. మిల్లు పనివాడైన కైలాసుడామెకు తోడై నిలుచును. సమ్మె జరుగును. కుమార్తె పాత్రను బిబ్బో యను నటియు, కైలాసుని పాత్రను జైరాజుగారును ధరించిరి.

బొంబాయి బట్టల మిల్లులలో ఆ సంవత్సరమే పెద్ద సమ్మె జరిగినది. మిల్లు యజమానుల పలుకుబడి సెన్సారు మండలివరకు ప్రాకియుండెను. పనివారిని రెచ్చగొట్టునను కారణమున ఈ చిత్రమును బొంబాయిలో ప్రదర్శింపనీయలేదు. ఉత్తరదేశమున కొన్ని పట్టణములలో మాత్రము కొలదిపాటి ప్రదర్శనములు జరిగినవి. ఏ నగరపు కార్మికుల కథయో ఆ నగరపు కార్మికులకే అది కనబడలేదు. ఆ మిల్లులలో మగ్గముల ముందు నిలిచి ఎందరో కరీంనగరు జిల్లావారు పని చేయుచుండిరి. తమ జిల్లావాడొకడు తమవంటి పనివాని వేషము ధరించి తమ కష్టమును తెరపై చూపెనను సంగతి వారిలో ఎందరికి తెలిసియుండునో! ఆ చిత్రపు ప్రతి నేడు ఎచ్చటను మిగిలిలేదు.

కీర్తి శిఖరము

1938లో బాంబే టాకీస్ సంస్థ నిర్మించిన 'భాభీ' చిత్రమున జైరాజుగారు రేణుకాదేవి సరసన నాయకులుగ నటించిరి. జర్మను దేశస్థుడైన ఫ్రాంజ్ ఆస్టెన్ దానికి దర్శకుడు. చారిత్రక వేషములే గాక సాంఘిక పాత్రలుకూడ ఆయన మెప్పుగ పోషింపగలరని ఆ చిత్రము నిరూపించెను. 1941లో ఏ.ఆర్. కార్దార్ దర్శకత్వమున 'స్వామి' చిత్రమునందు ప్రసిద్ధ కథక్ నర్తకి సితారాదేవితో కలిసి నటించిరి. 1943లో 'హమారీ బాత్' చిత్రమున దేవికారాణితో కలిసి నటించిరి. విశాఖపట్టణపు వాల్తేరులో జన్మించిన దేవికారాణికి నటిగా అదియే కడపటి చిత్రము.

నటులుగనే గాక దర్శకులుగను జైరాజుగారు తమ శక్తిని పరీక్షించుకొనిరి. 1945లో బాంబే టాకీస్ వారి 'ప్రతిమా' చిత్రమునకు దర్శకత్వము వహించిరి. అందలి నాయకుడు దిలీప్‌కుమార్. ఆ యువకునకు అది రెండవ చిత్రము. తరువాతి కాలమున దేశమంతట ఆరాధింపబడిన ఆ మహానటుని తొలి అడుగులను నడిపించినవారిలో ఒకరు మన కరీంనగరు వాసియను మాట జ్ఞాపకముంచుకొనదగినది.

కళాకారుల జీవితమున లాభము వెంట నష్టము నీడవలె నుండును. 1951లో జైరాజుగారు స్వయముగ నిర్మాతయై 'సాగర్' అను చిత్రమును తీసిరి. ఆంగ్లకవి టెన్నిసన్ వ్రాసిన ఒక కథాకావ్యము దానికి మూలము. ఓడపై పోయిన భర్త చిరకాలమునకు తిరిగివచ్చి, భార్య వేరొకనిని వివాహమాడి సుఖముగ నుండుట చూచి మౌనముగ తొలగిపోవు కరుణరసకథ అది. ప్రఖ్యాత నటి నర్గీసు నాయిక. అయినను ప్రేక్షకులు దానిని ఆదరింపలేదు. నిర్మాతకు నష్టము కలిగెను. ఎందరో అటువంటి దెబ్బతో రంగమునుండి తప్పుకొనిరి. జైరాజుగారు మాత్రము తిరిగి నటులై, నిలద్రొక్కుకొనిరి.

వీరపాత్రలు

ఆ తరువాతి పదియేండ్లు చారిత్రక, జానపద చిత్రములలో ఆయనకు తిరుగులేదు. 1956లో 'హాతిమ్‌తాయి' చిత్రము వెలువడినది. పరోపకారమునకు ప్రసిద్ధుడైన అరబ్బు వీరుని పాత్రలో జైరాజుగారు జనసామాన్యమునకు మిక్కిలి చేరువయిరి. ఆపైన అమర్‌సింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాన్, దుర్గాదాసు, టిప్పుసుల్తాను పాత్రలను ధరించిరి. పృథ్వీరాజుగను, టిప్పుసుల్తానుగను ఒకే సంవత్సరము, 1959లో, ఆయన కనిపించుట గమనింపదగినది. రాజపుత్రుడైనను, ముసల్మానైనను ఆయా పాత్రల భాష, నడక, మర్యాద ఆయనకు స్వాభావికముగ అమరినవి. హిందువులును ముసల్మానులును ఇరుగుపొరుగున మెలగిన ఊళ్ళలో పెరిగినవారికి గాని అది సులభముగ అబ్బదు.

దూరదేశపు చిత్రములలోను ఆయనకు స్థానము లభించెను. మహాత్ముని హత్యోదంతమును ఆధారముగ గొని 1963లో ఆంగ్లమున విడుదలైన 'నైన్ అవర్స్ టు రామా' చిత్రమున జి.డి. బిర్లాగారి పాత్రను ధరించిరి. నిజాం కళాశాలలో నేర్చిన ఇంగ్లీషు ఇచ్చట అక్కరకు వచ్చెను.

వయస్సు మీరిన కొలది నాయక పాత్రలు దూరమగుట సహజము. దానికి ఆయన చిన్నబుచ్చుకొనలేదు. తండ్రి, న్యాయమూర్తి, పోలీసు అధికారి మొదలైన చిన్న పాత్రలనుకూడ అదే శ్రద్ధతో ధరించిరి. 1975లో దేశమునంతను ఉఱ్ఱూతలూగించిన 'షోలే'లోను, 1978లో వచ్చిన 'డాన్'లోను ఆయన కనిపింతురు. ఆ చిత్రములను మన ఊళ్ళలో లెక్కలేనన్నిసార్లు చూచినవారు గలరు. కాని ఆ పెద్దమనిషి మన కరీంనగరు వాడని తెలిసి చూచినవారు బహు కొద్దిమంది.

పురస్కారము - నిర్యాణము

1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును భారత ప్రభుత్వము జైరాజుగారికి ప్రసాదించెను. ఆ పురస్కారము నందుకొనినవారి వరుసను చూచినచో మూకచిత్రముల చరిత్రయే కనులముందు నిలుచును. 1969లో మొదటిసారి దానిని పొందినవారు దేవికారాణి. 1973లో సులోచన, 1975లో హైదరాబాదును విడిచి పోవలసివచ్చిన ధీరేంద్రనాథ గంగూలీ పొందిరి. తెలుగువారిలో 1974లో బి.ఎన్. రెడ్డిగారికిని, 1982లో ఎల్.వి. ప్రసాదుగారికిని లభించెను. ఆ ఇరువురి నడుమ దానిని అందుకొనిన తెలుగువారు జైరాజుగారు. తెలంగాణమునందు పుట్టి ఆ గౌరవమును పొందినవారిలో ఆయనయే ప్రథములు.

జైరాజుగారు పంజాబీ కుటుంబమునకు చెందిన సావిత్రిగారిని వివాహమాడి బొంబాయిలోనే స్థిరపడిరి. దాదాపు నూట డెబ్బది చిత్రములలో నటించి, తొంబది యేండ్లు నిండిన పిదప, 2000వ సంవత్సరము ఆగస్టు నెలలో ఆ నగరముననే కన్నుమూసిరి. మూకచిత్రముల నాడు అడుగుపెట్టి, రంగుల చిత్రములను, టెలివిజనును కూడ చూచి వెడలిపోయిన ఆయువు అది.

2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట హైదరాబాదు రవీంద్రభారతి ప్రాంగణమున చిన్న చిత్రప్రదర్శన మందిరమునకు పైడి జైరాజు పేరు పెట్టబడెను. ఆలస్యముగనైనను స్వస్థలము ఆయనను తలంచుకొన్నది.

మనము చేయవలసినది

జైరాజుగారు నటించిన తొలి చిత్రములను చూతమన్న నేడు దొరకవు. ఆనాటి ఫిల్ము త్వరగ నిప్పంటుకొనునట్టి, కాలము గడచినకొద్ది పొడియైపోవునట్టి పదార్థముతో చేయబడినది. దానినుండి వెండిని తీయుటకు కరిగించినవి కొన్ని, గిడ్డంగులలో కాలిపోయినవి కొన్ని. మన దేశమున తయారైన మూకచిత్రములు వేయికి మించియుండగా నేడు మిగిలినవి బహు స్వల్పము. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో గాని ఏర్పడలేదు. అప్పటికే చేయి దాటిపోయినది. ఎందరు నటీమణుల నృత్యాభినయములో, ఎందరు నటుల సాహసములో ఆ విధముగ జాడ లేకుండ పోయినవి.

తెరపై బొమ్మ చెరిగిపోయినపుడు మిగులునది అక్షరమే. ఏ సంవత్సరమున ఎవరెచ్చట పుట్టిరో, ఏమి సాధించిరో వ్రాసిపెట్టినచోటనే వారు బ్రతికియుందురు. గ్రంథాలయము చేయు పని అదియే. పాతికేండ్లుగ ఊరివారి చందాలతో, కార్యకర్తల ఓపికతో నిలిచిన గ్రంథాలయమునకు పుస్తకములు తెప్పించుట యొక్కటే కర్తవ్యము కాదు. తన చుట్టుప్రక్కల పుట్టినవారి చరిత్రలను సేకరించి భద్రపరచుటకూడ దాని కర్తవ్యమే. బొంబాయి మిల్లులలో పనిచేసి తిరిగివచ్చిన వృద్ధులు, ఊరూర తిరిగిన యక్షగాన మేళములవారు, బుఱ్ఱకథకులు, మాట్లాడు గ్రంథములవంటివారు. వారు చెప్పినది వ్రాసికొననిచో మూకచిత్రములకు పట్టిన గతియే ఆ జ్ఞాపకములకును పట్టును.

జైరాజుగారి నోట తెలుగు మాటను తెలుగు తెర వినలేకపోయినది. ఆ కొరతను ఇక ఎవరును తీర్పలేరు. ఆయన కథను తెలుగులో చదువుకొనుట, పిల్లలకు చెప్పుట మాత్రము మన చేతిలోనున్న పని.